మూల దాటించిన పిల్ల

దేవతలాంటి డాక్టరమ్మని భూలక్ష్మి కోర్టుకీడ్చిందనీ, మూడేళ్ళ మనవరాలిని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజి, పెంకుటిల్లు పడగొట్టి డాబా ఎత్తాలని చూస్తోందనీ పక్కింటి పెద్దింట్లమ్మ అందట. అన్నది భూలక్ష్మి మొహాన కాదు. కాలవ రేవులో బట్టలుతుక్కుంటూ నూకరాజు పెళ్ళాంతో అంది. ఆ పక్క తోటలో చెట్టు మొవ్వులో కూచుని కొబ్బరి గెలలు నరుకుతున్న ఎర్రయ్య విన్నాడు. ఊళ్ళో అందరికంటే ఎత్తున కూచుని పనిచేసేవాడు కాబట్టి అందరి మాటలూ వాడికే ముందు అందుతాయి. అక్కడ దింపు అయ్యాక వాడు వచ్చింది భూలక్ష్మి పెరట్లోకి.

"ఇంకా ఏమంది?" అరటిపువ్వు వలుస్తూ అడిగింది భూలక్ష్మి.

"లోపం పిల్లలోనే ఉందంటండి. నచ్చత్రం మట్టుకి మంచిదేనంట, పూర్వాషాడంట. కడుపుతో ఉన్నప్పుడు జ్యోతమ్మగారు గ్రహణం చూసుంటారని..."

"పెద్దింట్లమ్మ గేదె ఈనలేక దూడ పోయినప్పుడు, పశువుల డాక్టరు టైముకి రాలేదని వాడి గుమ్మంలో కూచుని పూటంతా తిట్టింది. దూడ చస్తే డాక్టరు తప్పు, మనిషి పిల్లయితే గ్రహణం తప్పూనా? ఆ మాట అడక్కపోయావా?"

"చెట్టు మీదున్నానండి."

"అయితే ఓ బొండం వదలాల్సింది."

ఎర్రయ్య నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. భూలక్ష్మి నవ్వలేదు. డాబా మాట ఆవిడకి పట్టలేదు. కేసు వేసిన నాటినుంచీ డాబా ఎత్తనివాళ్ళు లేరు ఊళ్ళో. పూర్వాషాఢ మాటే గుచ్చుకుంది. అది వియ్యంకుడు నరసింహమూర్తి పుట్టించిన మాట. రాజోలు వైపు నుంచి పి.గన్నవరం పక్క పల్లె దాకా నడిచొచ్చి, పెద్దింట్లమ్మ నోట్లో కాపరం పెట్టింది. వచ్చే మంగళవారం కాకినాడ వినియోగదారుల ఫోరంలో వాయిదా. ఆ మాట అబద్ధమని అక్కడ తేలకపోతే కేసు పోతుంది.

అది అబద్ధమని పిల్ల పుట్టిన మూడోనాటినుంచే భూలక్ష్మికి తెలుసు.

*

తొంభై ఆరులో, మాఘమాసంలో, కూతురు జ్యోతిర్మయిని తొలికాన్పుకి అమలాపురంలో భవానీదేవి నర్సింగ్‌హోమ్‌లో చేర్చింది భూలక్ష్మి. భవానీదేవి అంటే తొమ్మిది నెలలూ చెయ్యి పట్టుకుని "నేనున్నానమ్మా" అనే డాక్టరు. గోడనిండా బొద్దు పిల్లల ఫోటోలు, చేతినిండా గాజులు, నోటినిండా తేనె. చేరేముందు మురమళ్ళ సిద్ధాంతిగారు భూలక్ష్మికి ఒక పని ఒప్పజెప్పాడు. పిల్ల భూమ్మీద పడ్డ టైము వేరు, ఏడ్చిన టైము వేరు, రెండూ విడివిడిగా రాసి తెమ్మన్నాడు. దేన్నిబట్టి జాతకం వెయ్యాలో తను చూసుకుంటానన్నాడు. భూలక్ష్మికి ఇలాంటి పని ఒప్పజెబితే ఇక తిరుగులేదు. పోయిన మొగుడి గడియారం చేతికి పెట్టుకుని, రోజూ పొద్దున్న రేడియో వార్తలకి ముళ్ళు సరిచేసుకునే మనిషి. వార్తలు వింటుందా అంటే వినదు. టైము చెప్పగానే కట్టేస్తుంది.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి భవానీదేవి వచ్చి చూసింది. చీటీ మీద ఏవో మందులు రాసి, సాయంత్రానికి గానీ కాదంది. పదిన్నరకి పట్టుచీర కట్టుకుని కారెక్కింది. రావులపాలెంలో అరటికాయల షావుకారు ఇంట్లో గృహప్రవేశమట. ఆస్పత్రికి మిగిలింది ఒక్క సిస్టరు, పేరు జీవరత్నం. ఒంటిగంటకి ఉమ్మనీరు పోయింది, పసరులా పచ్చగా. ఆ రంగు చూసి జీవరత్నం మొహంలో రంగు పోయింది. రావులపాలానికి ఫోను చేసింది. గృహప్రవేశం ఇంట్లో ఎవరో ఎత్తి, డాక్టరుగారు బంతిలో కూచున్నారని చెప్పేరట.

"ముక్కొద్దమ్మా. డాక్టరుగారు వచ్చేదాకా ఓర్చుకో," అంది జీవరత్నం.

తలుపు దగ్గర నిలబడ్డ భూలక్ష్మి అడిగింది. "ఏమ్మా, డాక్టరుగారు పెరుగన్నం దాకా వచ్చేరో లేదో కనుక్కున్నావా?"

ఓర్చుకోవడం తల్లి చేతిలో లేదు, పిల్ల చేతిలో అసలే లేదు. తల అడ్డం పడి చాలాసేపు నిలిచిపోయింది. సరిగ్గా రెండూ పదికి బయటపడింది. నేరేడుపండు రంగులో ఉంది. చప్పుడు లేదు. జీవరత్నం పిల్లని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది, అరికాళ్ళు రుద్దింది. గాలి సిలిండరు మూల నిలబడి ఉంది గానీ, దాన్ని తిప్పే తాళం డాక్టరుగారి గదిలో ఉంది, గది తాళం డాక్టరుగారి సంచిలో ఉంది, సంచి గృహప్రవేశంలో ఉంది. భూలక్ష్మి గడియారం చూస్తూ నిలబడింది. చెయ్యడానికి ఆవిడకి మరో పని లేదు. ఇరవై నిమిషాలంటే ఎంతసేపో ఆ వేళ తెలిసింది. రెండున్నరకి కారు ఆగింది. భవానీదేవి ఆ పట్టుచీరతోనే లోపలికి పరిగెత్తింది. రెండూ ముప్ఫై నాలుగుకి పిల్ల ఏడ్చింది. ఏడుపు కూడా కాదు, గంప కింద మూసిన పిల్లికూన మూలిగినట్టు.

డాక్టరుగారు పొద్దున్న రాసిన మందుల చీటీ వెనక భూలక్ష్మి రెండు టైములూ వేసింది. 'పడినది 2.10. ఏడ్చినది 2.34.'

రెండోరోజు పిల్ల కాళ్ళూ చేతులూ బిగపట్టి కొట్టుకుంది. కళ్ళు పైకి పోయాయి. "చలి వల్లనమ్మా. కప్పి ఉంచండి," అంది భవానీదేవి.

మూడోరోజు నరసింహమూర్తి దిగాడు. అరటిగెల ఒకటి, బెల్లం దిమ్మ ఒకటి, వెనక మోసేవాడొకడు. ఆయన ఒకప్పుడు పంచాయతీ సమితి అధ్యక్షుడు. ఆ సమితి రద్దయి తొమ్మిదేళ్ళయినా ఆయన నడకలో ఇంకా రద్దు కాలేదు. మనవరాలి మొహం చూడకముందే చీటీ అడిగాడు. జేబులోంచి పంచాంగం తీశాడు. ఆయనకి పంచాంగం అంటే పేపరు లాంటిది. రోజూ చదువుతాడు, ఊళ్ళో వాళ్ళకి కూడా చదివి పెడతాడు.

"మూల," అన్నాడు, పాము కనపడ్డట్టు. "రెండూ నలభై ఒకటి దాకా మూల ఉంది చెల్లెమ్మగారూ. తర్వాత పూర్వాషాఢ. ఆడపిల్లండీ. మూలలో పుట్టిన పిల్లంటే మావగారికి గండమంటారు, ఏ ఇంట్లోనైనా గడప తొక్కనిస్తారాండీ?"

మూడురోజుల పిల్లకి ఇరవై ఏళ్ళ తర్వాత రాబోయే మావగారి ఆయుర్దాయం గురించి ఆ తాతగారికి చెమటలు పట్టాయి. పక్కన పిల్ల పాలు పట్టడంలేదని జ్యోతిర్మయి ఏడుస్తోంది. అది ఆయన పంచాంగంలో లేదు.

ఆయన తిన్నగా డాక్టరుగారి గదికి వెళ్ళాడు. గుమ్మానికి గళ్ళ తెర. తెర ఇవతల ఫ్లాస్కు పట్టుకుని భూలక్ష్మి నిలబడింది. మాటలన్నీ విన్నది.

"మూల దాటి ఓ నాలుగు నిమిషాలు ఇటుగా వేయించండి డాక్టరుగారూ. రెండూ నలభై ఐదని. రేపు జాతకానికీ మీ కాగితానికీ తేడా ఉండకూడదు చూడండి."

 భవానీదేవి కుర్చీ జరిగిన చప్పుడయింది. "మీరంతటివారు అడిగితే కాదంటానాండీ. పిల్ల భవిష్యత్తు కదా," అంది. కలం గీసిన చప్పుడు కూడా భూలక్ష్మికి వినపడింది. కాగితం మీద, రెండున్నరకి వచ్చిన డాక్టరు రెండూ నలభై ఐదుకి తన చేతుల మీదే పురుడు పోసింది. పిల్ల పుట్టగానే ఏడ్చింది. అంత చక్కటి అబద్ధం తనంత తాను రాసుకుందామన్నా ఆవిడకి ధైర్యం చాలేది కాదు. పెద్దమనిషొకడు అరటిగెలతో వచ్చి రాయమని బతిమాలాడు.

భూలక్ష్మి తెర తీసుకుని లోపలికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. మూల అన్న మాటకి ఆవిడా బెదిరింది. పోనీలే, పిల్ల మంచికే కదా అనుకుంది. వాళ్ళిద్దర్నీ ఎన్ని తిట్టినా ఆ 'పోనీలే' దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తిట్లు ఆవిడకే తగిలేవి. జాతకం వియ్యంకుడే వేయించుకున్నాడు, చీటీ మాత్రం ఆవిడ పారెయ్యలేదు. గడియారం పెట్టెలో మడిచి పెట్టింది.

*

పిల్లకి రమ్యశ్రీ అని పేరు పెట్టారు. తొమ్మిదో నెలకి కూడా అది మెడ నిలబెట్టలేదు. పిడికిళ్ళు విప్పలేదు. కాకినాడలో పిల్లల డాక్టరు తలకి ఫోటోలు తీయించి, పుట్టిన వేళ మెదడుకి గాలి అందలేదన్నాడు. ఇది తగ్గే జబ్బు కాదని కూడా ఆయనే చెప్పాడు. పుట్టగానే ఏడ్చిందా అని అడిగాడు. ఇరవై నాలుగు నిమిషాలకి అంది భూలక్ష్మి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా కూచున్నాడు.

అమలాపురంలో లాయరు అనిల్ కుమార్ కుర్రవాడు. బల్ల ఇంకా కొత్త. డాక్టర్ల మీద కూడా వినియోగదారుల ఫోరంలో కేసు వేయొచ్చని పెద్ద కోర్టు తేల్చి ఎంతోకాలం కాలేదనీ, తెలిసిన రెండేళ్ళలో వెయ్యాలనీ చెప్పాడు. నరసింహమూర్తి అడ్డం పడ్డాడు. పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడదామన్నాడు. మాట్లాడడానికి ముందు ఆషాఢం అడ్డొచ్చింది. తర్వాత మూఢం అడ్డొచ్చింది. తర్వాత పెద్దమనుషుల్లో ఒకాయనకి కంట్లో శుక్లం తీశారు. రెండేళ్ళు ఇలాగే గడిపేద్దామని ఆయన ఎత్తో, ఆయన బుద్ధే అంతో భూలక్ష్మికి తేలలేదు. ఆవిడ కూతురి చేత సంతకం పెట్టించి కేసు వేయించేసింది. అల్లుడు మురళీమోహన్ మస్కట్‌లో క్రేను నడుపుతాడు. ఎంత బరువైనా ఎత్తుతాడు గానీ తండ్రి దగ్గర గొంతు ఎత్తలేడు. "నాన్నగారూ మీరూ చూసుకోండి అత్తయ్యగారూ," అని ఫోను పెట్టేశాడు.

డాక్టరు తరపు జవాబు వచ్చింది. కేసు షీటు నకలు దానికి జతచేశారు. పుట్టిన టైము 2.45. డాక్టరుగారి స్వహస్తాలతో కాన్పు. పుట్టిన వెంటనే ఏడ్చినది. జీవరత్నం చేత కూడా అలాగే ప్రమాణపత్రం రాయించారు. ఆవిడకి ఆ ఆస్పత్రిలోనే ఉద్యోగం, ఉండేదీ ఆ ఆస్పత్రి వెనక వాటాలోనే.

అనిల్ కుమార్ ఆ కాగితాలు మూడుసార్లు చదివాడు. "పిల్లల డాక్టరుగారు ఏం రాసేరో చూడండి పిన్నిగారూ. పుట్టగానే ఏడ్చి ఉంటే మెదడు దెబ్బకి వేరే కారణం ఏదైనా ఉండొచ్చట. ఇరవై నిమిషాలు ఏడవకపోతే మాత్రం ఇదే కారణమట. అంటే కేసు మొత్తం ఆ రెండు టైముల మీదే ఉంది. మీ చీటీ ఉంది, సరే. ఎప్పుడైనా రాసుకోవచ్చంటారు. మీ ఇంట్లో జాతకం ఉంటుంది కదా, అందులోనూ ఇవే టైములుంటే తిరుగులేదు."

భూలక్ష్మి తల వంచుకుని తెర వెనక సంగతంతా చెప్పింది. అనిల్ కుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"వాళ్ళ దొంగసాక్ష్యం మనమే తయారుచేసి ఇచ్చేమన్నమాట."

"ఆయ్," అంది భూలక్ష్మి.

"ఆయన ఒప్పుకుంటేనే కేసు. మీరొక్కరూ చెబితే వియ్యంకుల తగువంటారు."

*

రాజోలు బస్సు దిగి వియ్యంకుడి ఇంటికి వెళ్ళేసరికి నరసింహమూర్తి వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నాడు. పక్క బల్ల మీద పంచాంగం, దాని మీద కళ్ళజోడు. మంచినీళ్ళిచ్చారు. కాఫీ ఇచ్చారు. పిల్ల ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.

"అన్నయ్యగారూ, మంగళవారం మీరొక్కమాట చెప్పాలండి. టైము మీరు మార్పించేరని."

"నేనాండీ?" అన్నాడు ఆయన, ఎవరో మూడోమనిషి గురించి అడిగినట్టు.

"మీరేనండి. అరటిగెల కూడా తెచ్చేరు."

"చెల్లెమ్మగారూ, నలుగురికి తగువులు తీర్చే మనిషినండి. దొంగ జాతకం రాయించేనని కోర్టెక్కి చెబితే రేపు నా అరుగు ఎవరెక్కుతారండీ?"

"ఎక్కకపోతే అరుగు ఊడవక్కర్లేదు."

ఆయన మొహం బిగిసింది. గొంతు మాత్రం మర్యాదగానే ఉంది. వాళ్ళ ఇంట్లో మర్యాదకి లోటుండదు. "ఓ మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు తమరు తెర పక్కనే ఉన్నారు కదండీ. కాళ్ళు కనపడ్డాయి నాకు. అప్పుడేమీ అనలేదే తమరు?"

భూలక్ష్మి కాఫీగ్లాసు కింద పెట్టింది. ఈ మనిషికి సిగ్గు లేదనుకుంది గానీ, ఎదుటివాళ్ళ సిగ్గు ఎక్కడుందో మాత్రం ఆయనకి బాగా తెలుసు.

"అనలేదండి. అది నా తప్పు. మంగళవారం అదీ చెబుతాను. మీది మీరు చెప్పండి."

"చూద్దాం లెండి. మంగళవారం నాకు తారాబలం బాగోలేదు. ప్రయాణం పెట్టుకోను," అన్నాడు నరసింహమూర్తి, కళ్ళజోడు పెట్టుకుంటూ.

*

తారాబలం ఎలా కుదిరిందో గానీ, మంగళవారం ఎదుర్లంక రేవులో, కార్లనీ జనాన్నీ గోదావరి దాటించే పంటు మీద భవానీదేవి కారుంది. కారు వెనకసీట్లో ఇస్త్రీ పంచెతో నరసింహమూర్తి ఉన్నాడు. పంటు మీద మిగతా జనం మధ్య పిల్లని భుజాన వేసుకుని జ్యోతిర్మయి, చేతిసంచిలో గడియారం పెట్టెతో భూలక్ష్మి నిలబడ్డారు. గౌతమి దాటడానికి పట్టిన ఆ కాసేపూ కారు అద్దాలు దిగలేదు. ఎండ చంపేస్తోంది. లోపల ఇద్దరూ ఉడికిపోతున్నారు గానీ అద్దం మాత్రం దించరు.

"మావయ్యగారేమిటమ్మా ఆ కార్లో?" అంది జ్యోతిర్మయి.

"అబద్ధం ఒకటే, ఇద్దరిది. విడివిడిగా వస్తే దారిలో జారిపోతుందని కలిసి మోసుకొస్తున్నారు," అంది భూలక్ష్మి.

ఫోరం అంటే పెద్ద కోర్టులా లేదు. ఒక హాలు, ఎత్తు బల్ల, వెనక రిటైరైన జడ్జిగారు అధ్యక్షుడు, ఆయనకి అటొకరు ఇటొకరు సభ్యులు. పక్కన టైపు మిషను పెట్టుకుని గుమస్తా.

ముందు భూలక్ష్మిని పిలిచారు. డాక్టరు తరపు లాయరు కాకినాడలో పేరున్నవాడు. చీటీని రెండు వేళ్ళతో, తడిసిన కాగితం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇది మీరే రాశారా? ఎప్పుడు? నిన్నా, మొన్నా?"

"పిల్ల ఏడ్చిన నిమిషంలోనండి. ఇటుపక్క మందులూ తారీఖూ మీ డాక్టరుగారే రాసేరు. ఆవిడ చేతిరాత ఆవిడ పోల్చుకుంటే చాలు, నా చేతిరాత నేను పోల్చుకుంటాను."

"వెనకవైపు ఎప్పుడైనా రాసుకోవచ్చు. అసలు మీ గడియారం సరైన టైము చూపిస్తుందని నమ్మకమేమిటి?"

"రోజూ రేడియోకి కలుపుతానండి. మీ గోడగడియారం ఆరు నిమిషాలు వెనకబడింది, చూసుకోండి."

అధ్యక్షుడు తన చేతిగడియారం చూసుకుని, గోడ మీదికి చూశాడు. తర్వాత భూలక్ష్మి తెర సంగతి చెప్పింది. తను ఊరుకున్న సంగతీ చెప్పింది. పేరున్న లాయరు నవ్వాడు. గుమ్మం దగ్గర వినపడిన మాటలకి ఫోరం విలువిస్తుందా అన్నాడు. తమ సాక్షిగా, పిల్లకి స్వయానా తాతగారు నరసింహమూర్తిగారిని పిలిపించమన్నాడు.

నరసింహమూర్తి కండువా సర్దుకుని వచ్చాడు. పసుపు రాసిన జాతకం కాగితం బల్ల మీద పెట్టాడు. అందులో రెండూ నలభై ఐదు, పూర్వాషాఢ మొదటి పాదం, కింద సిద్ధాంతిగారి ముద్ర.

"ఇది తమరు రాయించిందేనా?"

"ఆయ్."

"టైము సరైనదేనా?"

"మా ఇంట్లో తప్పు టైములు రాయించే అలవాటు లేదండి."

పేరున్న లాయరు కూచున్నాడు. జ్యోతిర్మయి భుజం మీద పిల్ల తల పక్కకి వాలిపోతే, తల్లి అరచెయ్యి కింద పెట్టి మళ్ళీ నిలబెట్టింది. మూడేళ్ళుగా ఆ చెయ్యి అక్కడే ఉంది.

అనిల్ కుమార్ లేచాడు. దెబ్బలాటకి లేచినట్టు లేదు, సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"నరసింహమూర్తిగారూ, తమరు పంచాంగం చూశారంటే సిద్ధాంతులు కూడా సరిచూసుకోరని విన్నానండి."

"ఏదో, పెద్దల దయ."

"ఆ రోజు మూల ఎంతవరకూ ఉందో జ్ఞాపకముందాండీ?"

"రెండూ నలభై ఒకటి వరకూ." పంచాంగం తియ్యకుండానే చెప్పాడు. హాలు వైపు ఓ చూపు కూడా విసిరాడు.

"అంటే నాలుగు నిమిషాల్లో గండం తప్పింది."

"దైవానుగ్రహమండి."

"తమరు ఆస్పత్రికి ఎప్పుడు వెళ్ళేరండీ?"

"మూడోరోజున."

"అప్పటికి కాగితం మీద టైము వేసే ఉందా?"

నరసింహమూర్తి డాక్టరు వైపు చూశాడు. భవానీదేవి గాజులు లెక్కపెట్టుకుంటోంది. "అంత జ్ఞాపకం లేదండి," అన్నాడు.

"పోనీలెండి. అడిగితే ఏమీ అనుకోకండి, నా బాధ కొద్దీ అడిగేను. మా చెల్లెలిది మూలండి. మా నాన్న ఇవేమీ పట్టించుకునే మనిషి కాదు. ఆస్పత్రిలో ఏ ఆయా ఏ టైము వేస్తే అదే ఖాయం చేసేశాడు. ఇప్పటికి పదకొండు సంబంధాలు తప్పిపోయాయి. ఇంటికి పెద్ద అనేవాడు తమలాంటివాడై ఉంటే..." అని గొంతు తగ్గించాడు.

అనిల్ కుమార్‌కి చెల్లెలు లేదు. తల్లికి ఒక్కడే కొడుకని భూలక్ష్మికి తెలుసు. ఆ హాల్లో ఆ పూట అబద్ధమాడకుండా ఉన్నది టైపు మిషను ఒక్కటే అనుకుందావిడ.

నరసింహమూర్తి గుండె నిండింది. ఊరి అరుగు మీద కూచున్నప్పటి గొంతు వచ్చేసింది. "మీ నాన్నగారు చూసుకోవలసిందండి. పిల్ల పుట్టిన వెంటనే పెద్దవాడన్నవాడు పూనుకుని సర్దుకోవాలి. తర్వాత ఏడిస్తే ఏం లాభం?"

అధ్యక్షుడు కలం ఎత్తాడు. "ఏం సర్దుకోవాలి?"

 నరసింహమూర్తి కండువా మళ్ళీ సర్దుకున్నాడు.

"అదేనండి. టైము."

"తమరు సర్దించారా?"

"సర్దించడమంటే... డాక్టరుగారితో ఓ మాట అన్నానండి. ఆవిడే వేసేరు."

పేరున్న లాయరు లేచి ఏదో అనబోయాడు. అధ్యక్షుడు చెయ్యి చూపించాడు. "కూచోండి. మీ సాక్షే ఆయన. ఏమండీ, ఆయన అన్నారు, మీరు వేశారా?" అని భవానీదేవిని అడిగాడు.

భవానీదేవి తేనెగొంతు ఎక్కడికి పోయిందో, "ఆయనే బతిమాలేరండి. ఫ్యామిలీ రిక్వెస్టు," అంది.

"అసలు టైమెంత?"

ఆవిడ తన లాయరు వైపు తిరిగింది. నరసింహమూర్తి బల్ల మీది మందుల చీటీ వైపు చూపించాడు, ముట్టుకోకుండా. "చెల్లెమ్మగారు రాసిందేనండి. నాకు మూడోనాడు చూపించింది కూడా ఆ చీటీయే."

గుమస్తా మిషను టకటకలాడింది. రెండూ పది. రెండూ ముప్ఫై నాలుగు. పేరున్న లాయరు కాగితాలు సంచిలో పెట్టుకోవడం మొదలెట్టాడు.

తను ఏం చేశాడో నరసింహమూర్తికి అప్పటికి అర్థమైనట్టుంది. అయినా దిగలేదు. పెద్దరికం అంత తొందరగా దిగదు. హాలంతటికీ వినపడేలా, తప్పు లోకానిదన్నట్టుగా అన్నాడు. "నా కోసం చేసేనా అండీ? అది ఆడపిల్ల. మూలని తెలిస్తే రేపు పెళ్ళిపీటల మీద ఎలా కూచుంటుందండీ?"

భూలక్ష్మి జ్యోతిర్మయి చేతుల్లోంచి రమ్యశ్రీని తీసుకుని, తన ఒళ్ళో కూచోబెట్టుకుని, తల కింది చెయ్యి తీసేసింది. తల ఒక పక్కకి పడిపోయింది. మళ్ళీ పట్టుకుంది.

"కూచోబెట్టండి అన్నయ్యగారూ. మూడు ముళ్ళూ పడేదాకా ఈ తల మీరు పట్టుకుంటారా, డాక్టరమ్మ పట్టుకుంటుందా?"

గుమస్తా మిషను మీద వేళ్ళు పెట్టుకుని, జవాబు టైపు చెయ్యడానికి కాచుక్కూచున్నాడు.